చెన్నై నుంచి సింగపూర్: ఎంత దూరం, ఎంతసేపు, మనం ఇంట్లో ఎప్పుడు బయల్దేరాలి

సింగపూర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళడానికి టికెట్ తీసుకున్న మా చిన్నాయన ఆ కాగితం పట్టుకుని తిరుపతిలో మా ఇంటికొచ్చాడు. "పోయేటప్పుడు ఆరుముప్పావు గంటలంట, వచ్చేటప్పుడు గంటాముప్పావేనంట, ఇదేం విమానమప్పా?" అన్నాడు. చూస్తే, పోయేది రాత్రి 11:30కి చెన్నైలో లేచి పొద్దున 6:15కి సింగపూర్‌లో దిగుతుంది, తిరిగొచ్చేది రాత్రి 9:00కి అక్కడ లేచి 10:45కి చెన్నైలో దిగుతుంది.

టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు, అందుకే ఈ తికమక. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి పోయేటప్పుడు ఆరుముప్పావులోంచి రెండున్నర తీసెయ్యాలి, వచ్చేటప్పుడు గంటాముప్పావుకి రెండున్నర కలపాలి. రెండు వైపులా నాలుగుంబావే. దుబాయ్‌కైతే లెక్క తిరగబడుతుంది, అది మనకంటే గంటన్నర వెనక. దూరం మాత్రం చెన్నై నుంచి దాదాపు సింగపూర్ అంతే, 2,900 కి.మీ. పైచిలుకు.

దూరం కావాలంటే గూగుల్ మ్యాప్స్‌లో కొలుచుకోవచ్చు. నాకు చేత్తో వేసుకోవడమే సరదా. చెన్నై 13 డిగ్రీల ఉత్తరం, 80.2 తూర్పు, సింగపూర్ 1.4 ఉత్తరం, 104 తూర్పు. ఒక్కో డిగ్రీకి 111 కి.మీ. వేసుకుంటే కిందికి సుమారు 1,290, పక్కకి సుమారు 2,620 (భూమధ్యరేఖ దగ్గరే కాబట్టి పక్క డిగ్రీలు పెద్దగా కుంచించుకుపోవు), ఇక స్కూల్లో చదివిన పైథాగరస్‌తో 2,920 వస్తుంది. ఢిల్లీ నుంచి టోక్యోకి మాత్రం ఇలా వేస్తే బాగా తేడా కొడుతుంది, అక్కడ మ్యాప్స్‌నే నమ్ముకోండి.

టైంకి నా మోటు లెక్క ఒకటుంది: కిలోమీటర్లని 800తో భాగించి, లేవడానికీ దిగడానికీ అరగంట కలపడం. ఇక్కడ నాలుగు గంటల పది నిమిషాలు వస్తుంది, టికెట్‌కి ఐదు నిమిషాలే తేడా. ఢిల్లీ–టోక్యో లాంటి దారుల్లో పైన పడమటి గాలులు బలంగా వీస్తాయి కాబట్టి, పోయేదానికంటే వచ్చేది గంటకు పైగా ఎక్కువ పట్టొచ్చు.

తేదీ కూడా చూసుకోండి. 10వ తేదీ 00:40 అని ఉంటే 9వ తేదీ రాత్రే ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. మా బంధువొకాయన 10 రాత్రి తీరిగ్గా భోంచేసి సూట్‌కేసు దించాడు, ఫ్లైట్ వెళ్ళి అప్పటికే ఒక రోజు కావస్తోంది.

మళ్ళీ చిన్నాయన సంగతికొస్తే, 11:30 ఫ్లైట్‌కి 8:30కల్లా చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో ఉండటం మంచిది. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మామూలుగా మూడున్నర గంటలు, సిటీ ట్రాఫిక్‌కి ఇంకో అరగంట పట్టుకోండి, ఆడికృత్తిక (మురుగన్ పండగ) రోజుల్లో తిరుత్తణి దగ్గర ఇరుక్కుంటే అది వేరే కథ. చిత్తూరు వాళ్ళు రాణిపేట దారి పట్టొచ్చు. ఇంకో అరగంట వెసులుబాటు ఉంచుకుంటే సాయంత్రం నాలుగు గంటలకి ఇంట్లో కారెక్కాలి. సింగపూర్‌లో దిగేటప్పటికి మన టైం తెల్లవారుజాము 3:45.

"అంటే నాలుగుంబావు గంటల విమానానికి పన్నెండు గంటల ప్రయాణమా?" అన్నాడు చిన్నాయన, టికెట్ మడిచి జేబులో పెట్టుకుంటూ.