పడవ నేర్చుకుందాం, 3వ పాఠం: ఒంటి తెడ్డుతో తిన్నగా

పోయిన పాఠంలో పడవలోకి ఎలా దిగాలో, లైఫ్ జాకెట్ ఎలా బిగించుకోవాలో, బోల్తా పడితే పడవను వదలకుండా ఎలా పట్టుకోవాలో చూశాం. అది చదవకుండా ఇక్కడికి వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లి చదివి రండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఇవాళ్టి పని వినడానికి చాలా చిన్నది. ఒకే తెడ్డు, అదీ ఒకే పక్కన వేస్తూ, పడవను తిన్నగా పోనివ్వాలి. అంతే.

నేను మొదటిసారి బెజవాడలో కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్ దగ్గర కూర్చుని, పడవ మూతి నదిలోని భవానీ ద్వీపం వైపు పెట్టి, కుడిపక్క గట్టిగా నాలుగు తెడ్లు వేశాను. పడవ ఎడమకి తిరగడం మొదలుపెట్టి ఇంక ఆగలేదు, ఎదురుగా ఉండాల్సిన ద్వీపం వీపు వెనక్కి పోయింది, వెనక ఉండాల్సిన ఇంద్రకీలాద్రి ఎదురుగా వచ్చి నిలబడింది. పక్కనుంచి పోతున్న లాంచీలో జనం ఫోన్లు బయటికి తీశారు. ఒడ్డు మీద మా బాబాయి, "ఒరేయ్, గిన్నెలో గరిటె తిప్పుతున్నావా ఏంట్రా?" అని అరిచాడు. నిజంగా అదే చేస్తున్నాను.

ఎందుకలా తిరుగుతుందంటే, తెడ్డు పడవ నడుమ మీద కాకుండా ఒక పక్కన తోస్తుంది కాబట్టి మూతి అవతలి పక్కకి పోతుంది. పైగా కొత్తవాళ్లం తెడ్డును ఏటవాలుగా పట్టుకుని పడవకి దూరంగా, చీపురుతో ఊడ్చినట్టు వేస్తాం, దాంతో తిరుగుడు రెట్టింపవుతుంది. మరి కుడిపక్క రెండు, ఎడమపక్క రెండు వేస్తే సరిపోదా అంటారా? సరిపోతుంది, కానీ మార్చిన ప్రతిసారీ తెడ్డు నీళ్లు ఒళ్లో కారతాయి, ఊపు తెగిపోతుంది.

సరే, ఇలా చేయండి. ఒక చేయి తెడ్డు పైకొనమీద, రెండోది ఆకుకి, అంటే నీళ్లలో మునిగే వెడల్పాటి భాగానికి, కాస్త పైన. నడుము తిప్పి ముందుకి వంగి, ఆకు మొత్తం మునిగేలా మోకాలికి ముందు దించండి, తెడ్డు నిలువుగా ఉండాలి, పడవ అంచుకి దాదాపు రాసుకుంటూ పోవాలి. లాగేది చేతులతో కాదు, నడుముతో. తెడ్డు తుంటి దాకా వచ్చిందంటే లాగడం చాలించాలి, ఆ తర్వాత లాగితే నీళ్లు పైకెత్తడమే తప్ప పడవ ముందుకి పోదు.

అసలు కిటుకు ఇక్కడుంది. తెడ్డు పైకి తీసేముందు పైచేతి బొటనవేలు కిందికి చూసేలా మణికట్టు తిప్పండి, నీళ్లు లాగిన ఆకు ముఖం బయటి పక్కకి తిరుగుతుంది, అప్పుడు దాన్ని పడవ నుంచి ఒక్క జానెడు బయటికి తోయండి. తిరగబోయిన మూతి మళ్లీ దారికి వస్తుంది. ఎడమపక్క వేస్తూ పైనుంచి చూస్తే ఆ గీత ఇంగ్లీషు జె అక్షరంలా ఉంటుంది, అందుకే దీన్ని జె స్ట్రోక్ అంటారు. బొటనవేలు పైకి తిప్పినా పడవ తిరుగుతుంది గానీ బ్రేకు వేసినట్టు వేగం చచ్చిపోతుంది. మొదటి వారం అందరం ఆ తప్పే చేస్తాం.

ఆ ఒక్క క్షణం మీ తెడ్డు చుక్కాని అయిపోయింది, గమనించారా? చేపలు పట్టేవాళ్ల పుట్టికి ఆ సదుపాయం లేదు, గుండ్రంగా ఉంటుంది కాబట్టి వెనక నుంచి తోస్తే గిరగిరా తిరుగుతుంది, అందుకే వాళ్లు ముందువైపు కూర్చుని నీళ్లని తమవైపు లాక్కుంటారు. పెద్ద పడవల్లోనూ ఇదే గొడవ. స్కూనర్ అంటే రెండో అంతకన్నా ఎక్కువో తెరచాప కొయ్యలుండి, ముఖ్యమైన తెరచాపలు పడవ పొడవునా కట్టిన ఓడ. ముందు చాప మూతిని గాలికి దూరంగా నెడుతుంది, వెనక చాప గాలివైపు తిప్పుతుంది, ఆ రెంటికీ సమం కుదిరితే చుక్కాని మీద పట్టు తేలికైపోతుంది. కెనడా 10 సెంట్ల నాణెం మీద కనిపించే బ్లూనోజ్ అలాంటిదే, 1921లో నోవాస్కోషియాలో నీళ్లలోకి దిగి, చేపల వేటకీ పందేలకీ కూడా పోయింది.

ఇన్నేళ్లయినా నాకు మొహం మొత్తనిది ఒక్కటే, తిన్నగా పడ్డప్పుడు వచ్చే చప్పుడు. వంకరగా పోయే పడవ కింద నీళ్లు బుడబుడమంటాయి, దారిలో పడ్డాక మూతి కింద సన్నగా ఒకే శ్రుతిలో గలగలమంటాయి. పొద్దున్నే గాలి లేవకముందు వెళ్లండి, వినిపిస్తుంది.

ప్రకాశం బ్యారేజీకి ఎగువన గేట్లు దించి ఉన్నప్పుడు కృష్ణ చెరువులా ఉంటుంది, ఆ నిమ్మళం చూసి మోసపోకండి. మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కుల దగ్గర ఇస్తారు, మనం అందాకా ఆగక్కర్లేదు, ఒక్క గేటు ఎత్తినా ఆ రోజు ఒడ్డునే. 2024 సెప్టెంబరులో వరద 11 లక్షలు దాటినప్పుడు కొట్టుకొచ్చిన పెద్ద పడవలే గేట్లని గుద్దాయి, మన చిన్న పడవెంత! మామూలు రోజుల్లో కూడా అనుమతి ఉన్న బోటింగ్ పాయింట్ నుంచే, లైఫ్ జాకెట్‌తోనే. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఎంత ఘోరం జరిగిందో బెజవాడలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇంటిపని. ఒకే వరసలో కనిపించే రెండు గుర్తులు ఎంచుకోండి, దగ్గర్లో ఒక గుంజ, దాని వెనక దూరాన ఒక చెట్టు. కుడిపక్క యాభై తెడ్లు వేయండి. గుంజ, చెట్టు ఒకదాని మీద ఒకటి ఉన్నంతసేపూ తిన్నగా పోతున్నట్టే, విడిపోయాయంటే పక్కకి జరుగుతున్నట్టు. తర్వాత ఎడమపక్క యాభై, అక్కడ మళ్లీ గరిటె తిప్పుడే, కంగారుపడకండి.

వచ్చే పాఠం గాలి గురించి. ఒక పాత దుప్పటి, రెండు వెదురు కర్రలు దగ్గర పెట్టుకోండి.