ఇమాటినిబ్ మొదటి బిళ్ల వేసుకునే ముందు

సీఎంఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్) అని తేలగానే, దానికి వాడే ఇమాటినిబ్ కోసం కంగారుగా మందుల షాపుకు పరుగెత్తకండి. ముందు ఇవి చూసుకోండి.

• బీసీఆర్-ఏబీఎల్ (ఈ జబ్బుకు కారణమైన జన్యువును చూసే పరీక్ష) రిపోర్టు చేతికొచ్చిందా? మందు పనిచేస్తోందో లేదో రేపు పోల్చి చూసేది దీంతోనే. అసలు కాగితం దాచుకుని జిరాక్సులే ఇవ్వండి.

• ఆరోగ్యశ్రీకి వెళ్తుంటే రేషన్ కార్డులో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉండాలి. నాన్న ఇంటిపేరులో ఒక్క దీర్ఘం తేడాకి మేం రెండుసార్లు తిరిగాం.

• హెపటైటిస్-బి పరీక్ష అయిందా? గర్భం ఉన్నా, పాలిస్తున్నా డాక్టరుకు ముందే చెప్పాలి.

• పరగడుపున వద్దు. మామూలుగా రోజుకు 400 మిల్లీగ్రాములు, అన్నం తిన్నాక, పెద్ద గ్లాసుడు నీళ్లతో. పంపరపనస మానేయండి. నాటు మందులు వాడుతుంటే దాచొద్దు.

• డబ్బా అడుగంటకముందే తర్వాతి నెల మందు తెచ్చుకోండి. ఒంట్లో బాగుందని మధ్యలో సొంతంగా ఆపకూడదు.