టిఫిన్ సెంటర్‌లో అంటువ్యాధులను అడ్డుకోవడం ఎలా?

టిఫిన్ సెంటర్ యజమానులు రిజిస్ట్రేషన్ పత్రానికి ఫ్రేము కట్టించి గల్లాపెట్టె వెనుక గోడకు తగిలిస్తారు. అది తప్పనిసరే కానీ, 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో వెలువడిన నిబంధనల నాలుగో షెడ్యూలు అంతకంటే చాలా ఎక్కువ అడుగుతుంది. అందులో పనివారి ఆరోగ్యం గురించి ఉన్న భాగాన్ని ముందుగా పట్టించుకోవాలి, ఎందుకంటే టైఫాయిడ్, కామెర్లు, విరేచనాలు మురికి చేతుల మీదుగానూ నీటి ద్వారానూ తేలికగా పాకుతాయి.

ప్రతి పనివారికీ ఏటా వైద్య పరీక్ష చేయించి, టైఫాయిడ్ వంటి పేగు వ్యాధులకు టీకాలు వేయించి, ఆ పత్రాలను తనిఖీకి సిద్ధంగా ఉంచాలి. జనవరిలో తెచ్చిన పత్రం జూలైలో పట్టుకున్న విరేచనాలను ఆపలేదు కనుక, తెల్లవారుజామున పొయ్యి వెలిగించకముందే మాస్టరు మొదలు క్లీనరు వరకు అందరినీ వాంతులు, విరేచనాలు, జ్వరం ఉన్నాయేమో అడగాలి, చేతులు తిప్పి చూడాలి. కొబ్బరి కోరుతూ వేలు కోసుకున్నవారు గుడ్డపీలిక చుట్టుకొని అదే చేత్తో చట్నీ కలుపుతుంటారు. ఆ గాయం చీము పడితే, అందులోని స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా ఆహారంలో పెరిగి వదిలే విషం మళ్లీ మరిగించినా నశించదు. చిన్న గాయమైతే నీరు చొరబడని పట్టీ వేసి గ్లవుజు తొడిగించాలి. చీము పట్టినవారిని ఆహారం ముట్టనివ్వకూడదు.

రానిరోజు కూలి కోస్తారని తెలిసిన మనిషి కడుపునొప్పిని దాచుకొని దోసెలు పోస్తాడు. అందుకే జబ్బు రోజులకు కూలి ఇవ్వాలి. ఇది నిబంధనల్లోని మాట కాదు, నేను గట్టిగా నమ్మే మాట. విరేచనాలు ఆగాక మరో రెండు రోజులు వంటగదికి దూరంగా ఉంచడం మేలు. టైఫాయిడ్ తగ్గినవారి మలంలో క్రిములు వారాల తరబడి ఉండవచ్చు కనుక వైద్యుని అనుమతి లేకుండా పనిలోకి తీసుకోకూడదు.

తాగునీటి డ్రమ్ముకు కుళాయి బిగించాలి, అందులో గ్లాసులు ముంచనివ్వకూడదు. మరుగుదొడ్డి దగ్గర సబ్బు, నీళ్లు ఎప్పుడూ ఉండాలి. సాంబారును 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన వేడిగా ఉంచి, కొబ్బరి చట్నీని కొద్దికొద్దిగా రుబ్బుకోవాలి.

ఒకే రోజు మీ దగ్గర తిన్నవారిలో ఇద్దరు ముగ్గురు వాంతులయ్యాయని చెబితే, వెంటనే అమ్మకం ఆపి, మిగిలిన పదార్థాలను పారబోయకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో విడిగా ఉంచి, ఆహార భద్రత అధికారికి కబురు చేయాలి.