పెట్రోలు ఆవిరి లీకును కనిపెట్టి సరిచేసే పద్ధతి

కారు ఆగి ఉన్నా ట్యాంకులో పెట్రోలు ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి బయటికి పోకుండా బొగ్గు నింపిన క్యానిస్టర్ పట్టి ఉంచుతుంది. ఇంజిన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకొని ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి వదులుతుంది, వెంట్ వాల్వ్ గుండా బయటి గాలి క్యానిస్టర్‌లోకి వస్తుంది. ఈ దారిలో లీకు ఉన్నట్లు కారు కంప్యూటర్ కనిపెడితే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. 1996 మోడల్ నుంచి ఓబీడీ-2 (కారు తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌గా నమోదు చేసే వ్యవస్థ) తప్పనిసరైన అమెరికాలో, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతూ ఉంటే చాలా రాష్ట్రాల్లో పొగ తనిఖీలో కారు నెగ్గదు కనుక, అక్కడ పాత కారు కొనుక్కున్న మనవారు ఈ లోపాన్ని తెలుసుకొని ఉండడం అవసరం.

ముందుగా కారుకు తగిలించే స్కానర్‌తో ఆ లోపం కోడ్ చదివి రాసుకోవాలి. పీ0455 పెద్ద లీకును, పీ0442 దాదాపు 1 మిల్లీమీటరు రంధ్రమంత చిన్న లీకును, పీ0456 అర మిల్లీమీటరంత అతి చిన్న లీకును సూచిస్తాయి. కోడ్ లీకు పరిమాణాన్నే చెబుతుంది తప్ప చోటును చెప్పదు. అందువల్ల కోడ్ చూసిన వెంటనే విడిభాగాలు కొనడం డబ్బు పారబోసుకోవడమేనని నా అభిప్రాయం.

పెట్రోలు ట్యాంకు మూతతో మొదలుపెట్టండి. దాని రబ్బరు రింగు పగిలిందా, మూత ఆనే అంచుకు తుప్పు పట్టిందా చూసి, టిక్కుమనే దాకా బిగించండి.

పెట్రోలు పోయించినప్పుడు కారు తీరు ఎలా ఉందో గుర్తు చేసుకోవడం కూడా మంచి ఆధారమే. ట్యాంకు నింపిన వెంటనే ఇంజిన్ స్టార్టు కావడానికి మొరాయిస్తే పర్జ్ వాల్వ్ తెరుచుకొని ఉండిపోయిందని, బంకులో గన్ను మాటిమాటికీ ఆగిపోతుంటే వెంట్ దారి మట్టితోనో సాలెగూడుతోనో మూసుకుపోయిందని అనుమానించాలి. పర్జ్ వాల్వ్‌ను విప్పి ఊదితే, కరెంటు లేనప్పుడు గాలి పోకూడదు. వెంట్ వాల్వ్ సాధారణంగా ఇందుకు విరుద్ధంగా, కరెంటు లేనప్పుడు తెరుచుకొని, 12 వోల్టులు ఇచ్చినప్పుడు మూసుకోవాలి. నోటితో నేరుగా ఊదకుండా, శుభ్రమైన గొట్టం తగిలించి ఊదండి.

ఇవన్నీ సరిగా ఉంటే, వెంట్ దారిని మూసి, పొగ యంత్రంతో వ్యవస్థలోకి పొగ పంపించి అది ఎక్కడ బయటికి వస్తుందో మంచి వెలుతురులో వెతకాలి. ఒత్తిడి 1 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) మించకూడదు. గ్యారేజీలోని కంప్రెసర్ గాలిని ఎన్నడూ వాడవద్దు: ట్యాంకు దెబ్బతినడమే కాదు, ఆవిరితో గాలి కలిసి మంట అంటుకునే ప్రమాదమూ ఉంది. చీలిన గొట్టాన్ని టేపు చుట్టి సరిపెట్టకండి. పెట్రోలు ఆవిరిని తట్టుకునే రకం కొత్త గొట్టమే వేయండి. గన్ను ఆగాక కూడా ఇంకొంచెం పోయించే అలవాటు వల్ల క్యానిస్టర్‌లోకి పెట్రోలు చేరి బొగ్గు పాడవుతుంది. అలా తడిసిన క్యానిస్టర్‌ను మార్చక తప్పదు.

మరమ్మతు అయ్యాక కోడ్ తుడిచేసి వెంటనే తనిఖీకి వెళ్లవద్దు. ఈ వ్యవస్థ స్వీయ పరీక్ష చాలా కార్లలో ట్యాంకు సుమారు 15 నుంచి 85 శాతం నిండి, ఇంజిన్ రాత్రంతా చల్లారి ఉన్నప్పుడే జరుగుతుంది కాబట్టి కొన్ని రోజులు మామూలుగా నడపండి. స్కానర్‌లో ఈ పరీక్ష పూర్తయినట్లు చూపి, కోడ్ తిరిగి రాకపోతే లీకు ఆగినట్లే.