ముత్తాత కాగితాల కోసం తప్పు పేరుతో వెతికాను

మాది పర్లాకిమిడి, ఇప్పుడు ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. ముత్తాత ఎవరో తెలుసుకుందామని రెండు నెలలు ఒడియా భూమి రికార్డుల్లో గజపతి జిల్లా కింద మా ఇంటిపేరు వెతికాను, ఒక్క ముక్క దొరికితే ఒట్టు. చివరికి మామ్మ ట్రంకుపెట్టె అడుగున, అంచులు చెదలు తినేసిన తెలుగు దస్తావేజు కనిపించింది, పైన 'గంజాం జిల్లా' అని. అప్పుడు వెలిగింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉంది కదా, గజపతి జిల్లా అయితే 1992లో వచ్చింది, పాత కాగితాల్లో ఆ పేరెందుకుంటుంది? ఇంకో తిరకాసు: ఒడియా పట్టాలో ఎవరో గుమస్తా ఇంటిపేరు వదిలేసి 'రావు'నే ఇంటిపేరు చేసేశాడు! (నాన్న ఇప్పటికీ తిడుతూనే ఉంటారు.) దస్తావేజులో ఉన్న తండ్రి పేరు, ఊరు పట్టుకుని వెతికితే అరగంటలో దొరికింది. మీరు మాత్రం ముందు మామ్మను కూర్చోబెట్టి పేర్లన్నీ ఫోన్లో రికార్డు చేసుకోండి, పెట్టె తర్వాత తెరవొచ్చు.