తుఫానుకు ఇంటిని ఎలా సర్దుకోవాలి? వరంగల్ వాళ్ళ కోసం

"తుఫాను ఆంధ్రకు గదనే, మనదాంక ఏమొస్తది!"

2025 అక్టోబర్ 28 సాయంత్రం, హన్మకొండలో మా గల్లీ చివర చాయ్ బండి దగ్గర నిలబడి నేనన్న మాట ఇది. ఆ రాత్రే మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు బుధవారం, పొద్దంతా వాన. రాత్రికి మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. వాకిట్లోంచి కాదు, బాత్రూంలోంచి. ముందు జాలీ గుడగుడమంది. ఎలుక అనుకున్నాం. లైటు వేసి చూస్తే నల్లటి నీళ్ళు బుడగలు బుడగలుగా పైకి వస్తున్నాయి. గంటలో మంచం కోళ్ళు మునిగాయి. సముద్రానికి రెండొందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఊళ్ళో!

అప్పటినుంచి మా ఇంట్లో చేస్తున్నవి, చేయకుండా ఉండాల్సిందని తెలుసుకున్నవి కింద రాస్తున్నాను.

ముందు వార్తను సరిగ్గా వినండి

అమెరికాలో హరికేన్ అంటారు, జపాన్ వైపు టైఫూన్ అంటారు, మన బంగాళాఖాతంలో పుడితే తుఫాను. పేర్లు వేరైనా సరుకు ఒకటే. అక్కడి వాళ్ళు కిటికీలకు చెక్కలు కొట్టుకుంటారు, ఎందుకంటే వాళ్ళ మొదటి భయం గాలి. మనకు గాలి రెండో సంగతి. తీరం దాటాక తుఫాను తీవ్ర వాయుగుండంగా, తర్వాత వాయుగుండంగా, ఆ తర్వాత అల్పపీడనంగా మారుతుంది. "తుఫాను బలహీనపడింది" అని టీవీలో కింద అక్షరాలు పోతుంటే మనం టీవీ కట్టేసి పడుకుంటాం. తప్పు అక్కడే జరుగుతుంది. ఆ పేర్లన్నీ గాలి వేగాన్ని బట్టి పెట్టినవి. గాలి తగ్గిందంటే మబ్బులో నీళ్ళు అయిపోయాయని కాదు.

వాతావరణ శాఖ రంగులు కూడా గుర్తుపెట్టుకోండి. ఎల్లో అంటే కనిపెట్టుకుని ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధమవండి, రెడ్ అంటే ఇక కదలండి. "అత్యంత భారీ వర్షం" అన్నారంటే ఒక్క రోజులో 20 సెంటీమీటర్లు దాటే వాన. నూరు గజాల జాగా మీద అంత వాన పడితే దాదాపు 17 వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు మీ ఇంటి మీద కుమ్మరించినా ఇంకా మిగులుతుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. ఆ లెక్క మీరే వేసుకోండి.

మీ ఇల్లు ఎంత పల్లంలో ఉందో ఇవాళే తెలుసుకోండి

ఇది తుఫాను రోజు చేసే పని కాదు, ఎండ కాసే రోజు చేసే పని. వరంగల్ చుట్టూ ఉన్నవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్ళు కింది చెరువుకు పోవాలి, అది కాకతీయుల నాటి లెక్క. ఆ పోయే దారిలో ఇప్పుడు మన కాలనీలు ఉన్నాయి. అందుకే మన దగ్గర వాన వెలిసిన నాలుగైదు గంటలకు కూడా నీళ్ళు పెరుగుతాయి. మా ఇంటి మీద చుక్క పడకుండానే నాలా ఉబ్బడం నేను చూశాను. "వాన తగ్గింది కదా" అని సర్దిన సామాను మళ్ళీ కిందికి దింపకండి.

గల్లీలో పెద్దవాళ్ళను అడగండి. 2020 ఆగస్టులో నీళ్ళు ఎంతవరకు వచ్చాయి, 2023లో ఎంత, మొంథాకు ఎంత? పాత గోడల మీద మట్టి గీత కనబడుతుంది. మా ఇంట్లోనూ ఒక గీత ఉండేదట. గృహప్రవేశానికి ముందు రంగు వేయించి దాన్ని చెరిపేసింది మేమే. ఆ గీతకు ఒక అడుగు పైన ఉన్నది భద్రం, కింద ఉన్నది వానకు ఇచ్చేసినట్టే అనుకుని ఇల్లు సర్దుకోవాలి.

ఆరెంజ్ అన్న రోజు

స్లాబు ఎక్కి నీళ్ళు పోయే గొట్టాల దగ్గర ఆకులు, ప్లాస్టిక్ కవర్లు తీసేయండి. ఇంటి ముందు మోరీ కూడా. పైన ట్యాంకు నిండా నింపండి. కరెంటు పోతే మోటారు నడవదు, పైగా నిండిన ట్యాంకు గాలికి కదలదు. తాగే నీళ్ళు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజులకు విడిగా పట్టండి. నలుగురున్న ఇంటికి 20 లీటర్ల క్యాన్లు రెండున్నర అవుతాయి, మూడు తెచ్చుకోండి. సంపు నీళ్ళ మీద ఆశ పెట్టుకోవద్దు. మొదట పాడయ్యేది అదే.

తిండికి అటుకులు, పల్లీలు, బిస్కెట్లు చాలు. మా అమ్మ మాత్రం వాన వార్త వినగానే సర్వపిండి చేస్తుంది. పొయ్యి వెలిగించే పని లేకుండా రెండు పూటలు గడిచిపోతాయి. బీపీ, షుగర్ గోళీలు పది రోజులకు సరిపడా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పసిపిల్లలుంటే పాలపొడి, కొంచెం నగదు. కరెంటు పోతే ఫోన్‌పే ఏమీ చేయలేదు. ఫోన్లన్నీ ఫుల్ చార్జింగ్ పెట్టి ఒకదాన్ని ఆపేసి పక్కన పెట్టండి.

రేకుల ఇల్లయితే రేకుల మీద ఊరికే రాళ్ళు పెట్టకండి. గాలికి రేకు లేస్తే ఆ రాయి ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. ఇసుక బస్తాలు వేసి, రేకులను దూలాలకు తీగతో కట్టండి.

మట్టి గోడల పాత ఇళ్ళ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన పల్లెల్లో, పాత వరంగల్ గల్లీల్లో ఇంకా చాలా ఉన్నాయి. మట్టి గోడ వాన పడుతుండగానే కూలాలని లేదు. రెండు రోజుల ముసురుకు నాని నాని, మూడో రోజు వాన ఆగాక, అందరూ నిద్రలో ఉన్నప్పుడు ఒరుగుతుంది. గోడకు కొత్త పగులు, అడుగున ఉబ్బు, దర్వాజ బిగుసుకుపోవడం కనబడితే ఆ ఇంట్లో పడుకోవద్దు. పక్కింటి మట్టి గోడ మీ వైపు ఉన్నా అంతే, మంచం అక్కడి నుంచి జరపండి. ఇంటిని కాపాడుకోవడానికి ఇంట్లోనే ఉండాలన్న పట్టుదల ఈ ఒక్క విషయంలో వద్దు.

రెడ్ అన్న సాయంత్రం

ఇక సామాను పైకి. అన్నీ ఎత్తలేం, కాబట్టి వరస ముఖ్యం. మొదట కాగితాలు: పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి దస్తావేజులు, ఆధార్, పిల్లల మెమోలు. వీటిని రెండు కవర్లలో చుట్టి ఎత్తుకుపోయే సంచిలో పెట్టండి, బీరువాలో కాదు. నీళ్ళకు ఉబ్బిన బీరువా తలుపు తెరవడానికి మేము గడ్డపార వాడాం. తర్వాత బియ్యం డ్రమ్ము. నిండు డ్రమ్మును ఎవరూ లేపలేరు, సగం బస్తాలోకి తీసి రెండు ముక్కలుగా అటుక మీదికి ఎక్కించండి. తర్వాత పరుపులు, బీరువా అడుగు అరలోని బట్టలు. ఫ్రిజ్ ఎత్తలేకపోతే ప్లగ్గు పీకి వదిలేయండి. ఫ్రిజ్ కోసం నడుము విరగ్గొట్టుకున్న వాళ్ళు మా గల్లీలో ఇద్దరు.

బాత్రూం సంగతి చాలామందికి తట్టదు. నాలా నిండితే డ్రైనేజీ నీళ్ళు వెనక్కి తంతాయి, ఇంట్లో అన్నిటికంటే పల్లంలో ఉన్న కన్నంలోంచి పైకి వస్తాయి. మందపాటి పాలిథిన్ కవర్లు రెండు ఒకదాంట్లో ఒకటి పెట్టి, ముప్పాతిక వంతు ఇసుక నింపి, గాలి తీసి ముడి వేయండి. జాలీ మీద పెట్టి కాలితో తొక్కితే అది ఒదిగి కూర్చుంటుంది. పైన ఒక గ్రానైట్ ముక్కో, నీళ్ళ బకెట్టో బరువు పెట్టండి. కమోడులోకీ అలాంటి సంచి ఒకటి దింపేయండి. వాషింగ్ మెషిన్ గొట్టం పెట్టే కన్నాన్ని మరిచిపోకండి. మేము జాలీలు మూయడం నేర్చుకున్నాక ఒకసారి ఆ కన్నంలోంచి వచ్చాయి.

గడప బయట ముందు టార్పాలిన్ పరిచి, దాని మీద ఇసుక బస్తాలు ఇటుకల్లా ఒకదాని అతుకు మీద ఇంకొకటి వచ్చేలా పేర్చి, మిగిలిన టార్పాలిన్‌ను వాటి మీదికి మడవండి. ఇది అడుగు, అడుగున్నర నీళ్ళను ఆపుతుంది. బయట నీళ్ళు మూడడుగులు దాటితే మాత్రం ఆపే ప్రయత్నం మానేయండి. లోపల పొడిగా ఉండి బయట అంత నీళ్ళుంటే ఆ ఒత్తిడికి గోడే లోపలికి వస్తుంది.

కరెంటు, గ్యాసు

నీళ్ళు గడప తాకకముందే మెయిన్ ఆపండి. ఒకసారి నీళ్ళలో నిలబడ్డాక మెయిన్ బోర్డు జోలికి వెళ్ళొద్దు, 1912కు ఫోన్ చేసి సప్లై ఆపించమనండి. ఇంకొకటి, మెయిన్ ఆపితే ఇల్లంతా కరెంటు పోయిందనుకుంటాం. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో పోదు. అది వెంటనే అందుకుని బోర్డుల్లోకి కరెంటు పంపుతుంది. దాన్ని విడిగా ఆపాలి, బ్యాటరీ తీగలు ముందే ఊడదీయించి పెట్టుకుంటే ఇంకా మంచిది. చాలా ఇళ్ళలో ఇన్వర్టర్ మెట్ల కింద నేల మీదే ఉంటుంది, అంటే మొదట మునిగేది అదే.

గ్యాసు రెగ్యులేటర్ తీసి మూత పెట్టి, సిలిండర్‌ను కిటికీ ఊచకు తాడుతో కట్టేయండి. ఖాళీదే తేలుతుందని అనుకుంటారు, నిండు సిలిండరూ నీళ్ళలో తేలుతుంది. చీకట్లో అది గోడలకు కొట్టుకుంటున్న చప్పుడు వింటే గుండె ఆగిపోతుంది.

ఎప్పుడు కదలాలి?

చీకటి పడకముందు. అంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు. రాత్రి పన్నెండుకు నడుం లోతు నీళ్ళలో ముసలివాళ్ళను తీసుకెళ్ళడం కంటే సాయంత్రం ఆరింటికి పొడి కాళ్ళతో చుట్టాలింటికి పోయి, ఏమీ కాకపోతే మర్నాడు నవ్వించుకుంటూ తిరిగి రావడం నయం. మా అమ్మ "నా ఇల్లు ఇడిసి నేనెక్కడికి రాను బిడ్డా" అని మంచం దిగలేదు. వాదించడం దండగ. "పిల్లలు నీతోనే పంటరట, అక్కడ నువ్వుంటెనే నిద్రపోతరట" అంటే చెప్పులు తొడుక్కుంది.

ఇంట్లోనే ఉండాల్సి వస్తే వాకిట్లో మెట్టు మీద చాక్‌పీసుతో గీత గీసి, అరగంటకోసారి టార్చి వేసి చూడండి. అరగంటలో నాలుగు వేళ్ళు పెరిగిందంటే ఆలోచించకుండా పై అంతస్తుకు ఎక్కండి. పైన మీ ఇల్లు లేకపోతే ఎవరిల్లు ఎక్కాలో ముందే అడిగి పెట్టుకోండి. ఇరుక్కుపోతే 112కు ఫోన్ చేయండి.

పారే నీళ్ళలో నడవక తప్పకపోతే కర్రతో ముందు నేల తడిమి అడుగు వేయండి, మూత లేచిపోయిన మ్యాన్‌హోల్ పైకి కనబడదు. మోకాలి లోతు దాటితే వెనక్కి రండి. వాగు మీద కల్వర్టు దాటే సాహసం అసలు వద్దు. జోరుగా పారే అరడుగు నీళ్ళు మనిషిని పడేస్తాయి, అడుగు నీళ్ళు చిన్న కారును లేపుతాయి.

వాగు ఒడ్డు ఊళ్ళ వాళ్ళకు ఈ లెక్కలేవీ పనికిరావు. 2023 జులైలో మోరంచ వాగు పొంగినప్పుడు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో జనం ఇళ్ళ పైకప్పులు, చెట్లు ఎక్కారు, హెలికాప్టర్లు వచ్చాయి. అక్కడ గీతలు గీసుకునే టైం ఉండదు. రెడ్ అనగానే ఎత్తున్న బడికో, పంచాయతీ ఆఫీసుకో పోవాలి. పోయేముందు పశువుల పలుపులు విప్పండి, కట్టేసి ఉంటే వాటికి ఈదే దారి కూడా ఉండదు. పొలంలో కోతకొచ్చిన వరి పడిపోతే, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే మొలక రాకుండా కొంత ఆగుతుంది.

నీళ్ళు తీశాక

చీపురు పట్టే ముందు ఫోన్ పట్టండి. ప్రతి గది, ప్రతి వస్తువు, గోడ మీద గీతతో సహా వీడియో తీయండి. సర్వేకు వచ్చిన వాళ్ళకైనా, ఇన్సూరెన్స్ వాళ్ళకైనా చూపించడానికి అదే ఉంటుంది. బండి, కారు స్టార్ట్ చేయొద్దు. మునిగిన ఇంజన్‌లో నీళ్ళుంటాయి, తాళం తిప్పితే ఇంజన్ పోతుంది. మెకానిక్ దగ్గరికి తోయించుకుపోండి.

బురద తడిగా ఉండగానే కడగాలి. మేము ఒకరోజు ఆలస్యం చేశాం, తర్వాత పారతో గీకాల్సి వచ్చింది. తడిసిన కాగితాలు ఎండలో వేయకండి, విడదీసి నీడలో గాలికి ఆరనివ్వండి. దూది పరుపు మునిగితే దాని మీద ఆశ వదిలేయండి. చెప్పులు, బూట్లు దులపకుండా వేసుకోవద్దు. పురుగూ పుట్రా పొడి జాగా వెతుక్కుంటూ ఇంట్లోకే వస్తాయి. పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం వద్దు, కదపకుండా 108లో ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్ళండి. సంపు మొత్తం తోడి, కడిగి, బ్లీచింగ్ వేసేదాకా నీళ్ళు తాగకండి. మిగతా నీళ్ళయినా మరిగించే తాగండి. వారం పది రోజుల్లో జ్వరం వస్తే మెడికల్ షాపు గోళీతో సరిపెట్టకుండా రక్త పరీక్ష చేయించండి. వరద నీళ్ళలో తిరిగానని డాక్టరుకు చెప్పండి, ఎలుక మూత్రంతో వచ్చే జ్వరం కావచ్చు. ఎలక్ట్రీషియన్ బోర్డులన్నీ విప్పి ఆరబెట్టాకే మెయిన్ ఆన్ చేయండి.

మొన్న సంక్రాంతికి గోడలకు మళ్ళీ రంగు వేయించాం. పెయింటర్ మట్టి గీత మీద పుట్టీ పెట్టబోతుంటే ఆపి, ఆ గీత దగ్గర ఒక మేకు కొట్టాను. ఇన్వర్టర్ ఇప్పుడు మెట్ల కింద లేదు. మేకుకు అడుగు పైన స్టాండు మీద ఉంది.