వానలో ఇంజిన్ బలం వెనక చక్రాలకే వెళ్లే స్పోర్ట్స్ కారు తీసే ముందు

• టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడండి. అరుగుదల తెలియాలంటే టైరు గాడుల లోతు కంటితో కాదు, గేజ్‌తో కొలవండి. చాలా దేశాల్లో చట్టం ఆ లోతు 1.6 మి.మీ. దాకా తగ్గినా ఒప్పుకుంటుంది. కానీ 3 మి.మీ. కన్నా తగ్గితే నేను తడి రోడ్డు మీదికి బండి తీయను.

• వేసవి టైర్లా? సుమారు 7 డిగ్రీల లోపు చలిలో రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది.

• స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారకుండా అదుపు చేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఆన్‌లోనే ఉంచండి.

• మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడం ఎంత ప్రమాదమో, భయపడి ఒక్కసారిగా వదిలేయడమూ అంతే. బరువు ముందుకు మారి వెనక చక్రాలు తేలికవుతాయి. వెనక భాగం జారిందా, టెన్షన్ పడకుండా కాలు మెల్లగా తీయండి. కారు ఎటు వెళ్లాలో అటే చూస్తూ స్టీరింగ్ తిప్పండి.

• ఆయిల్ వేడెక్కేదాకా ఇంజిన్‌ని పరిగెత్తించకండి.

• ముందు బంపర్ నేలకి దగ్గర. ర్యాంపు ఐమూలగా ఎక్కించండి.